పదివేల గిటార్, నెల్లూరు ఎండ

నెల్లూరులోనో ఒంగోలులోనో ఇంటర్ చదివే పిల్లలున్న ఇంటికి వెళ్ళి బీరువా పైకి చూస్తే, నల్ల సంచిలో గిటార్ ఒకటి దుమ్ము పట్టి కనిపించడం ఈ రోజుల్లో వింతేమీ కాదు. కొన్న మొదటి నెల ఇల్లంతా మోగుతుంది. రెండో నెలకు వేళ్ళ కొసలు బొబ్బలెక్కుతాయి. మూడో నెలలో ఒక తీగ తెగుతుంది, ఆపైన పరీక్షలు వస్తాయి, గిటార్ బీరువా ఎక్కుతుంది. "వాడికి పట్టుదల లేదు" అని ఇంట్లోవాళ్ళు తీర్పు చెప్పేస్తారు. చాలాసార్లు ఆ తీర్పు తప్పు. పట్టుదల తక్కువైంది పిల్లవాడికి కాదు, ఎత్తు ఎక్కువైంది తీగకు.

పదివేల లోపు గిటార్ కొనాలనుకునేవాళ్ళు షాపులో అడిగేది ముందుగా "ఏ కంపెనీ మంచిది?" అని. తర్వాత "సౌండ్ బాగుంటుందా?" అని. ఈ ధరలో ఈ రెండూ రెండో వరసలో అడగాల్సినవి. అయిదారు వేల గిటార్‌కీ పది వేల గిటార్‌కీ సౌండ్‌లో ఉండే తేడా, నేర్చుకునేవాడి చెవికి ఏడాది దాకా తెలియదు. తీగ నొక్కడానికి పడే కష్టంలో తేడా మాత్రం మొదటి అయిదు నిమిషాల్లోనే తెలుస్తుంది. అందుకే చెవి కంటే ముందు వేళ్ళను నమ్మాలి.

మూడు ఏటీఎం కార్డులు

తీగకూ, మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలకూ మధ్య ఉన్న ఎడాన్ని గిటార్ వాయించేవాళ్ళు యాక్షన్ అంటారు. ఆ కడ్డీలు వీణలో మెట్ల లాంటివి; గిటార్‌లో ఫ్రెట్లు. యాక్షన్‌ను పన్నెండో ఫ్రెట్ దగ్గర కొలుస్తారు. తీగ మొత్తం పొడవుకు సరిగ్గా సగం అక్కడే ఉంటుంది కాబట్టి. స్టీలు తీగల గిటార్‌కు లావు తీగ దగ్గర 2.3 నుంచి 2.5 మిల్లీమీటర్లు, సన్న తీగ దగ్గర 1.6 నుంచి 2 మిల్లీమీటర్లు ఉంటే చేతికి హాయిగా ఉంటుంది. మూడు మిల్లీమీటర్లు దాటితే కొత్తవాళ్ళకు శిక్షే.

షాపులో స్కేలు పెట్టి కొలిస్తే అంత చిన్న తేడా తెలియదు. జేబులో ఉన్న ఏటీఎం కార్డు తెలుపుతుంది. దాని మందం అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 0.76 మిల్లీమీటర్లు, ఏ బ్యాంకుదైనా అంతే. అంకెలు ఉబ్బెత్తుగా లేని కార్డులు మూడు ఒకదాని మీద ఒకటి పెడితే 2.3 మిల్లీమీటర్లు. ఆ మూడింటినీ పన్నెండో ఫ్రెట్ మీద, లావు తీగ కిందికి మెల్లగా జరపాలి. తీగకు తగిలీ తగలనట్టు దూరితే యాక్షన్ బాగున్నట్టు. నాలుగో కార్డు కూడా వదులుగా దూరిపోతే ఆ గిటార్‌ను అలాగే ఇంటికి తీసుకెళ్ళకూడదు. షాపువాళ్ళు వింతగా చూస్తారు, చూడనివ్వాలి. డబ్బు మనది.

తీగ ఎత్తుగా ఉంటే నొప్పి ఒక్కటే కాదు నష్టం. ఎత్తులో ఉన్న తీగను ఫ్రెట్ దాకా నొక్కినప్పుడు అది సాగుతుంది. సాగిన తీగ స్వరం కాస్త పైకి పోతుంది. వదిలేసిన తీగను శ్రుతి చూపే ట్యూనర్ యాప్ "సరే" అంటుంది, నొక్కి వాయించిన కార్డ్ (కొన్ని స్వరాలను కలిపి ఒకేసారి మోగించేది) మాత్రం ఎక్కడో గీరుకుంటున్నట్టు వినిపిస్తుంది. తన చెవి మంచిది కాదేమోనని పిల్లవాడు అనుకుంటాడు. నిజానికి ఆ గీరుడు వినిపించిందంటే చెవి బాగా పనిచేస్తున్నట్టే. దీన్ని షాపులోనే పట్టుకోవచ్చు. పన్నెండో ఫ్రెట్‌కు సరిగ్గా పైన తీగను నొక్కకుండా వేలితో తాకీ తాకనట్టు ఉంచి మీటితే గంట లాంటి నాదం ఒకటి వస్తుంది. తర్వాత అదే చోట నొక్కి మీటాలి. ట్యూనర్‌లో రెండూ ఒకే చోట నిలవాలి. నొక్కినప్పుడు సూది బాగా కుడికి పోతే, ఆ గిటార్ ఎంత శ్రుతి చేసినా పై ఫ్రెట్లలో అపశ్రుతే పలుకుతుంది.

ఎత్తుకు కారణాలు మూడు. మెడ మొదట్లో తీగలు కూర్చునే గాళ్ళు ఉన్న తెల్లటి ముక్క నట్. పొట్ట మీద తీగల కొసలు బిగించే చెక్క ముక్క బ్రిడ్జి, అందులో నిలబెట్టిన తెల్లటి పట్టీ శాడిల్. మూడోది మెడ వంపు. తప్పు ఎక్కడుందో తెలుసుకోవడానికి ఒక చిన్న చిట్కా ఉంది. ఒకటో ఫ్రెట్‌లో కేపో, అంటే తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే క్లిప్పు, బిగించి వాయించి చూడాలి. హఠాత్తుగా సులువైపోతే దోషం నట్‌ది, గాళ్ళు లోతు చాలలేదు. ఒకటో ఫ్రెట్‌లో ఎఫ్ కార్డ్ పట్టలేక గిటార్ మానేసినవాళ్ళలో ఎంతమంది నిజంగా నట్ బాధితులో లెక్క తీసేవాళ్ళు లేరు. కేపో పెట్టినా బరువుగానే ఉంటే శాడిల్‌నో మెడనో అనుమానించాలి.

మెడ కొద్దిగా వంగి ఉండటం తప్పు కాదు, ఉండాలి కూడా. తీగ ఊగడానికి చోటు కావాలి కదా. లావు తీగను ఒకటో ఫ్రెట్‌లోనూ పద్నాలుగో ఫ్రెట్‌లోనూ ఒకేసారి నొక్కి పట్టుకుంటే, ఏడో ఫ్రెట్ దగ్గర విజిటింగ్ కార్డు మందం సందు కనబడాలి. అంతకంటే చాలా ఎక్కువైతే మెడ తీగల లాగుడుకు వంగిపోయినట్టు. మామూలు లైట్ సెట్ తీగలు ఆరూ శ్రుతిలో ఉన్నప్పుడు మెడను డెబ్బై కిలోలకు పైగా బలంతో లాగుతుంటాయి. ఇంట్లో పెద్దమనిషి ఒకరు రాత్రీ పగలూ మెడకు వేలాడినట్టు. దాన్ని తట్టుకోవడానికి మెడ లోపల ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీ ఉంటుంది. ఆలెన్ కీతో దాన్ని తిప్పి వంపు సరిచేస్తారు. మొబైల్ టార్చ్‌తో గుండ్రటి రంధ్రంలోకి చూస్తే దాని కొస కనబడుతుంది. కొన్నిటికి పైన తలకట్టు దగ్గర చిన్న మూత కింద ఉంటుంది. స్టీలు తీగల గిటార్‌కు రెండు చోట్లా అది లేకపోతే వంగిన రోజే దాని ఆయువు తీరినట్టు. మరీ చవక గిటార్లను వద్దనడానికి ఇదొక్క కారణం చాలు.

వీణ ఉన్న ఇళ్ళకు ఇదంతా కొత్త సంగతి కాదు. వీణ ఇరవై నాలుగు మెట్లనూ నల్లమైనంలో కుదురుస్తారు. ఎండలకు మైనం మెత్తబడి మెట్లు కదిలితే, తెలిసిన మనిషిని పిలిచి మళ్ళీ మేళం కట్టిస్తారు. ఆ ఖర్చును ఎవరూ దండగ అనుకోరు. గిటార్‌కు సెటప్ చేయించడం, అంటే తీగల ఎత్తు సరిచేయించడం, కూడా అలాంటిదే. కానీ కొత్త గిటార్‌కు మరమ్మతేమిటని చాలామంది ఆశ్చర్యపోతారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చే చవక గిటార్లలో శాడిల్‌ను కావాలనే కాస్త ఎత్తుగా వదులుతారు. తగ్గించడం సులువు, పెంచాలంటే కొత్త ముక్క వేయాలి. కాబట్టి చేతిలో పదివేలుంటే పదివేల గిటార్ కొనకూడదు. తొమ్మిది వేలది కొని, వెయ్యి సెటప్‌కూ మంచి తీగలకూ దాచుకోవాలి.

రోళ్ళు పగిలే కార్తెలో పైచెక్క

ఇక చెక్క. సాలిడ్ టాప్, లామినేట్ టాప్ అనే మాటలు షాపుల్లో ఎక్కువగా వినిపిస్తాయి. సాలిడ్ అంటే పైచెక్క మందమంతా అసలైన ఒకే చెక్క. లామినేట్ అంటే పలచటి పొరలు జిగురుతో అతికించింది, అంటే ఒక రకం ప్లైవుడ్. రంధ్రం అంచును చూస్తే గుర్తు పట్టవచ్చు. పైన కనిపించే గీతలు అంచు మందంలోకీ కొనసాగితే సాలిడ్, బిస్కెట్ పొరల్లా కనిపిస్తే లామినేట్.

పైచెక్కకు ఎక్కువగా స్ప్రూస్ వాడతారు. చల్లటి దేశాల్లో మెల్లగా పెరిగే చెట్టు, నీటిలో సగం బరువు కూడా ఉండదు, అయినా చేవ గట్టిది. తేలికగా ఉండి గట్టిగా ఉన్న పలకే తీగ చిన్న కదలికకు పెద్దగా పలుకుతుంది. మన వెలిగొండల ఎర్రచందనం దీనికి సరిగ్గా ఎదురు. నీళ్ళలో వేస్తే మునిగేంత బరువు. జపాన్‌లో షామిసెన్ అనే మూడు తీగల వాద్యానికి దాన్ని మెడగా అమర్చుకుంటారు గానీ, పైపలకకు అది పనికిరాదు. వెల ఎక్కువైన చెక్కే మంచి సౌండ్ అనుకునేవాళ్ళు ఈ పోలికను గుర్తుంచుకోవచ్చు.

సాలిడ్ టాప్ మేలైనదే. లామినేట్ పొరల మధ్య జిగురు కొంత నాదాన్ని మింగేస్తుంది. కానీ చెక్క గాలిలో తేమను పీలుస్తుంది, వదులుతుంది. గిటార్‌కు నప్పే గాలి తేమ 45 నుంచి 55 శాతం. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఏడాదిలో అలాంటి రోజులు వెతుక్కోవాల్సిందే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు, తడిగాలి. చెక్క ఉబ్బి, పైపలక పొంగి, తీగలు ఎత్తు పెరుగుతాయి. మే నెలలో పడమటి నుంచి వడగాలి కొట్టేటప్పుడు దీనికి తలకిందులు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని సామెత. రోలే పగిలే ఎండకు రెండున్నర, మూడు మిల్లీమీటర్ల మందం సాలిడ్ పైచెక్క పగిలితే తప్పు దానిది కాదు. మెడ చెక్క కుంచించుకుపోయి ఫ్రెట్ల కొసలు పక్కలకు పొడుచుకొస్తాయి, అరచేతికి గీరుకుంటాయి. ఎండిపోయిన గిటార్‌కు అదే మొదటి గుర్తు. మార్కాపురం, కనిగిరి, గిద్దలూరు వైపు పొడి ఎక్కువ. కొత్తపట్నం, మైపాడు వైపు ఉప్పుగాలి ఎక్కువ, అక్కడ ముందు చెడేది చెక్క కాదు, తీగలు.

పొరల చెక్కలో ఒక పొర నిలువుకూ ఇంకో పొర అడ్డానికీ ఉంటుంది కాబట్టి, ఒకటి సాగబోతే ఇంకొకటి పట్టి ఉంచుతుంది. పగుళ్ళు, వంకరలు తక్కువ. ఏసీ గది, తేమ కొలిచే మీటరు, గట్టి పెట్టె అన్నీ ఉన్నవాళ్ళ సంగతి వేరు. ఫ్యాన్ కింద, గోడకు తగిలించి ఉంచే ఇంట్లో మొదటి గిటార్‌గా లామినేట్ లోటు కాదు, తెలివైన ఎంపిక. పదివేలలో "సాలిడ్ టాప్" అని ఊరిస్తే, ఆ డబ్బును మెడ నుంచో ఫ్రెట్ల పనితనం నుంచో బిరడల నుంచో ఎక్కడ మిగిల్చారో చూసుకోవాలి.

వేసవిలో చేయాల్సింది పెద్దగా ఖర్చు లేని పనే. సబ్బుపెట్టెకు చిల్లులు పెట్టి, లోపల తడిపి పిండిన స్పంజి ఉంచి, గిటార్ సంచిలో తల దగ్గర పెడితే చాలు. నీళ్ళు కారకూడదు. వానాకాలంలో సిలికా జెల్ పొట్లాలు. వాయించాక ఆరు తీగలనూ పొడి గుడ్డతో తుడవాలి. చెమటా ఉప్పుగాలీ కలిస్తే సముద్రానికి దగ్గర ఊళ్ళలో తీగ నెలలోనే గరుకెక్కుతుంది. ఎండలో నిలిపిన కారులో మాత్రం గంట కూడా వదలకూడదు. బ్రిడ్జిని పట్టి ఉంచిన జిగురు ఆ వేడికి మెత్తబడుతుంది, డెబ్బై కిలోల లాగుడు మిగతా పని చూసుకుంటుంది.

ఎక్కడ, ఏది

ఎద్దును కొనేవాడు పళ్ళు చూసి, నడిపించి, వీలైతే కాడి కట్టించి మరీ బేరమాడతాడు. ఒంగోలు జాతికి పేరున్న ఈ నేలలో ఆ సంగతి చెప్పనక్కర్లేదు. గిటార్ దగ్గరికొచ్చేసరికి ఫొటో చూసి ఆర్డర్ పెట్టేస్తాం. ఒకే మోడల్‌లో రెండు గిటార్లు కూడా ఒకేలా ఉండవు, చెక్క కదా. ఆన్‌లైన్‌లో కొనడం తప్పని కాదు, ధర కలిసిరావచ్చు. కొంటే పెట్టె తెరిచేది వీడియో తీసి, రిటర్న్ గడువులోపే పైన చెప్పిన పరీక్షలన్నీ చేయాలి. ఆరు తీగల మీదా పద్నాలుగు ఫ్రెట్లు, మొత్తం ఎనభై నాలుగు స్వరాలు. ఒక్కొక్కటీ మీటి, ఎక్కడైనా జుయ్‌మని తీగ కొట్టుకుంటోందా వినడానికి అయిదు నిమిషాలు పట్టదు.

ఊళ్ళో షాపులో నాలుగైదు మోడళ్ళకు మించి ఉండకపోవచ్చు. నెల్లూరువాళ్ళకు పెళ్ళి చీరల నుంచి ఆస్పత్రి దాకా చెన్నై ఎలాగూ అలవాటే, రైల్లో మూడు గంటల ప్రయాణం. అక్కడ మౌంట్ రోడ్డులో 1842 నుంచి నడుస్తున్న మ్యూజీ మ్యూజికల్ లాంటి పాత దుకాణాలున్నాయి, పది గిటార్లు వరసగా పట్టుకుని చూడవచ్చు. ఒంగోలువాళ్ళకు విజయవాడ దగ్గర. కొత్తగా నేర్చుకునేవాళ్ళు వాయించడం వచ్చిన స్నేహితుణ్ణి వెంట తీసుకెళ్ళాలి. వాయించి చూపడానికి షాపులో మనిషి ఉంటాడు గానీ, బాగా వాయించేవాడి చేతిలో ప్రతి గిటారూ బాగానే ఉంటుంది. అదొక చిక్కు.

ధరల మాట. రెండు మూడు వేలకు రంగురంగుల 38 అంగుళాల గిటార్లు, సంచీ, పట్టీ, పిక్కులు, అదనపు తీగలతో కలిపి వస్తాయి. ఆ కలిపి ఇచ్చేవన్నీ విడిగా కొన్నా పెద్ద ధర కాదు, వాటిని చూసి మురిసిపోవద్దు. అయిదారు వేలలో కాడెన్స్ వంటి మన దేశపు బ్రాండ్లలో ట్రస్ రాడ్ ఉన్న పనికొచ్చే గిటార్లు దొరుకుతాయి, ఒక్కొక్కటీ చూసి ఏరుకోవాలి. ఎనిమిది నుంచి పన్నెండు వేల మధ్య యమహా ఎఫ్280, ఎఫ్310, కోర్ట్ ఏడీ810 లాంటివి ఉంటాయి. ఇవన్నీ లామినేట్లే. వీటిలో పెద్ద సుగుణం సౌండ్ కంటే నిలకడ, అంటే పది గిటార్లు తీస్తే తొమ్మిదింటికి మెడ తిన్నగా ఉంటుందన్న ధీమా. ఎఫ్310 తీగ పొడవు 634 మిల్లీమీటర్లు, మామూలు 650 కంటే కాస్త తక్కువ. అందువల్ల తీగ బిగువు కొంత తగ్గి చిన్న చేతులకు మేలు చేస్తుంది. యమహా 2019లో చెన్నై దగ్గరే ఫ్యాక్టరీ పెట్టి కీబోర్డులతో పాటు గిటార్లూ తయారుచేస్తోంది. సాలిడ్ టాప్ కావాలనుకుంటే అదే కంపెనీ ఎఫ్‌జీ800 దగ్గర మొదలుపెట్టాలి. అది ఇరవై వేల చుట్టుపక్కల మాట, మొదటి గిటార్‌కు అవసరం లేదు.

పదేళ్ళ పిల్లలకు పెద్ద పొట్ట ఉన్న డ్రెడ్‌నాట్ ఆకారం చంకలో ఇమడదు. నడుము సన్నగా ఉన్న కాన్సర్ట్ సైజు చూడాలి, లేదా నైలాన్ తీగల క్లాసికల్ గిటార్. నైలాన్ వేళ్ళకు మెత్తన, కానీ మెడ వెడల్పు. ఒకటి మాత్రం మరవకూడదు: నైలాన్ గిటార్‌కు స్టీలు తీగలు ఎక్కిస్తే బ్రిడ్జి ఊడి చేతికొస్తుంది.

ఈ రెండు జిల్లాల్లో గిటార్ నేర్చుకునేవాళ్ళలో చర్చి నుంచి వచ్చేవాళ్ళూ ఉంటారు. అమెరికన్ బాప్టిస్టు మిషన్ నెల్లూరుకు వచ్చింది 1840లో, చర్చిలో పాట అంటే గుంపుగా పాడేదే. క్వయర్‌లో (చర్చి పాటల బృందంలో) వాయించాలంటే స్పీకరుకు కలపడానికి ప్లగ్ పెట్టే పికప్ ఉన్న గిటార్ కావాలని అడుగుతారు. పదివేలలో పికప్ కూడా కలిసిందంటే ఆ మేర చెక్కపని నుంచి కోసినట్టే. మామూలు గిటార్ కొని, రంధ్రానికి బిగించే విడి పికప్ తర్వాత కొనుక్కోవడం మేలు. దానికంటే ముందు కేపో కావాలి. పాడే ఆమె శ్రుతి ఐదున్నర అంటే జీ షార్ప్. ఒకటో ఫ్రెట్‌లో కేపో పెట్టి జీ కార్డులు పట్టుకుంటే సరిపోతుంది. శ్రుతి ఒకటిన్నర అయితే అక్కడే సీ కార్డులు.

వేళ్ళు మరీ నొప్పిగా ఉంటే ఇంకో దారి ఉంది. మామూలు 12 నంబరు తీగల బదులు ఇంకా సన్నటి 10 నంబరు తీగలు వేస్తే లాగుడు డెబ్బై పై నుంచి అరవై కిలోలకు దిగుతుంది. సౌండ్ కొంచెం పలచబడుతుంది, వాయించకుండా బీరువా ఎక్కించడం కంటే నయం. లేదా ఆరు తీగలనూ అర స్వరం దించి, ఒకటో ఫ్రెట్‌లో కేపో పెట్టి మామూలు శ్రుతికి తెచ్చుకోవచ్చు. నట్ ఎత్తు బాధా అక్కడితో పోతుంది.

పాత గిటార్ అయితే ధర సగానికి సగం. ఇంజనీరింగ్ కాలేజీల నుంచి చదువు ముగించి వెళ్ళేవాళ్ళు అమ్మేవి దొరుకుతాయి. వాటిలో ముందు చూడాల్సింది బ్రిడ్జి వెనుక అంచు. కాగితం ముక్క కిందికి దూరితే బ్రిడ్జి లేస్తున్నట్టు. తర్వాత వడ్రంగి చెక్క వంకర చూసినట్టు ఒక కన్ను మూసి తలకట్టు వైపు నుంచి మెడ పొడవునా చూడాలి. వంపుంటే ట్రస్ రాడ్ సరిచేస్తుంది, మెలి తిరిగి ఉంటే దానితో సరికాదు. గీతలు, రంగు పోవడం, సొట్టలు ఏమీ కావు. బేరానికి అవే పనికొస్తాయి.

కొత్తది కొనేముందు బీరువా మీది పాతదాన్ని కూడా దించి ఇవే పరీక్షలు పెట్టి చూడవచ్చు. మెడ తిన్నగా ఉండి, బ్రిడ్జి గట్టిగా ఉండి, ఎత్తు మాత్రమే ఎక్కువైతే శాడిల్ అరగదీయించుకోవాలి. పన్నెండో ఫ్రెట్ దగ్గర ఒక మిల్లీమీటరు తగ్గాలంటే శాడిల్ అడుగు నుంచి రెండు మిల్లీమీటర్లు పోవాలి, ఆ ఫ్రెట్ సగం దూరంలో ఉంది కాబట్టి. పెన్సిలుతో గీత గీసి, అద్దం ముక్క మీద ఉప్పుకాగితం పరచి, నిటారుగా పట్టుకుని రుద్దాలి. ఒక్కసారిగా గీత దాకా పోకుండా సగం రుద్ది, తీగలు బిగించి, మూడు ఏటీఎం కార్డులతో మళ్ళీ కొలుచుకోవాలి. ఎక్కువ అరిగిందా, తీగలు ఫ్రెట్లకు కొట్టుకుంటాయి, అప్పుడు కొత్త శాడిల్ కొనాల్సిందే.